మేమివ్వని వారం

చాలా ఏళ్లపాటు మా ఇంట్లో వారం అనే మాటకు ఒకటే అర్థం ఉండేది. అది మేము కొనుక్కున్న వారం. ఏడాదికి ఒకసారి, ఏడు రోజులపాటు, హాలిడే క్లబ్బు వాళ్ల రిసార్టుల్లో ఏదో ఒకచోట మా ఇద్దరికీ ఒక గది. పాతికేళ్ల వరకు ఆ హక్కు మాదే అన్నారు. లోకంలో పొలం కొనేవాళ్లుంటారు, ప్లాటు కొనేవాళ్లుంటారు. మేము రోజులు కొన్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు గానీ, కొన్ననాడు మాత్రం గర్వంగానే అనిపించింది.

మా ఆయన బోధన్‌లో చెరకు ఫ్యాక్టరీలో ఫిట్టర్. నేను ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్ని. చెరకు ఆడే చలికాలమంతా ఆయనకు సెలవు దొరికేది కాదు. ఎండాకాలం వస్తే మిషన్ల మరమ్మతులు. పెళ్లయినప్పటి నుంచి మేమిద్దరం కలిసి చూసినవి రెండే చోట్లు. ఒకటి మెదక్ చర్చి, రెండోది నవీపేట్‌లో మా ఆడబిడ్డ ఇల్లు. పిల్లలు లేరు కాబట్టి బడి సెలవులకు ఎటైనా పోదామని గోల చేసేవాళ్లు కూడా లేరు. ఆయన రిటైరయ్యాక, ఫ్యాక్టరీ మూతపడక ముందే చేతికొచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. ఆ సంగతి వాళ్లకెలా తెలిసిందో నాకు నేటికీ తెలియదు.

నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో లక్కీ డ్రా చీటీ మీద ఫోన్ నంబరు రాసి డబ్బాలో వేశాం. వారం తిరక్కుండానే ఫోనొచ్చింది. బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి హోటలుకు రావాలి అన్నారు. పోయాం. ఏసీ హాలు, పెద్ద సౌండుతో పాటలు, బల్ల బల్లకూ టై కట్టుకున్న ఒక పిల్లవాడు. ఎవరైనా సంతకం పెడితే చప్పట్లు కొట్టి బెలూన్లు పగలగొట్టేవాళ్లు. మా బల్ల దగ్గర కూర్చున్నవాడు మా ఆయన్ని మాటమాటకూ సార్ అన్నాడు. ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు ఆయన్ని అందరూ మేస్త్రీ అనే పిలిచారు. సార్ అన్నవాళ్లు లేరు.

"ఇన్నేళ్లు కష్టపడ్డారు సార్. మేడమ్ గారికి ఒక్క కొండ అయినా చూపించారా?" అని అడిగాడు వాడు.

మా ఆయన నా ముఖం చూశాడు. నేను తల దించుకున్నాను. అంతే, పని అయిపోయింది.

అప్పటికి వాళ్లు బోధన్ నుంచి నిజామాబాద్ పోయే దారికి కాస్త లోపలగా ఒక కొత్త రిసార్టు కట్టారు. సంతకాలయ్యాక కారులో తీసుకుపోయి అది చూపించారు. కాటేజీ కిటికీ తెర తీస్తే ఎదురుగా చెరకు తోట.

"చెరకు సూడనీకి ఈడిదాక రావాల్నా?" అని మా ఆయన పకపక నవ్వాడు.

మాకు అమ్మిన వారం అన్నిటికన్నా చవక రకం. వానాకాలంలోనే చెల్లుతుంది. ఆ సంగతి సంతకం పెట్టాక అర్థమైంది. వానాకాలంలో కొండలెక్కేదెవరు? అయినా ఆయన ప్రతి ఏడూ జూన్ రాగానే ఫోన్ చేసేవాడు. "ఆ తేదీల్లో ఖాళీ లేదు సార్" అనేవాళ్లు. ఇంకో తేదీ చెబితే ఇంకో ఊరు చూడమనేవాళ్లు. ఇంకో ఊరు అడిగితే ముందే అడగాల్సింది అనేవాళ్లు. ఏడాదికోసారి కట్టాల్సిన మెయింటెనెన్స్ డబ్బు తీసుకోవడానికి మాత్రం వాళ్లకు ఎప్పుడూ ఖాళీ ఉండేది. ఒక్క ఏడు కూడా మేము పోలేదు. పోతామన్న ఆశ మాత్రం ఆయనలో చావలేదు. కొత్త స్వెటరు కొని బీరువాలో పెట్టాడు. అది వేసుకునే చలి మా ఊళ్లో ఎన్నడూ పడలేదు.

మా ఇల్లు చెరువు కింది బస్తీలో ఉండేది. పక్కిల్లు పరుపులూ బొంతలూ కుట్టే కుటుంబానిది. ఆ ఇంటి ఇల్లాలు నాకన్నా పదేళ్లు పెద్దది. నేను ఆమెను ఆపా అనేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. ఆమె భర్త వరండాలో దూది ఏకే మిషను పెట్టుకున్నాడు. పొద్దంతా దూది ఎగిరి మా గుమ్మం మీద కూడా తెల్లగా పడేది. రంజాన్‌కు వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు మా ఇంటి నుంచి కేకూ గారెలూ. గోడ మీంచి గిన్నెలు అటూ ఇటూ పోతూనే ఉండేవి. ఇరవయ్యేళ్లలో మా మధ్య ఒక్క మాట తేడా రాలేదు.

ఆ ఏడు వానాకాలం చివర వాన ఆగకుండా పట్టింది. ఒక పొద్దున నేను బడికి బయలుదేరుతుంటే మోరీలో నీళ్లు వెనక్కి తన్నడం మొదలైంది. వీధిలో ఎవరో "మత్తడి దుంకింది! చెరువు మత్తడి దుంకింది!" అని అరుచుకుంటూ పరుగెత్తారు. చెరువు అలుగు మీంచి పొర్లిన నీళ్లు చూస్తుండగానే గడప ఎక్కాయి, మంచం కోళ్లు మునిగాయి. మా ఆయన గ్యాసు సిలిండరు మేడ మెట్ల మీదికి ఎక్కించాడు. నేను సర్టిఫికెట్లూ బైబిలూ ఒక సంచిలో వేసుకున్నాను. ఇంకేం తీసుకోవాలో తోచలేదు.

పక్కింట్లో ఇంకా కష్టం. ఆపా బిడ్డ కాన్పుకని నాందేడ్‌లోని అత్తగారింటి నుంచి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టి పట్టుమని పది రోజులు కాలేదు. చిల్లా తీరేదాకా, అంటే నలభై రోజులూ, బాలింత గడప దాటకూడదని వాళ్ల పద్ధతి. గడపే కనబడకుండా పోయింది.

"టీచరమ్మా, జర పిల్లను పట్టుకోండ్రి!" అని ఆపా గోడ మీంచి అందించింది. పసిగుడ్డును నేను నెత్తి మీద గిన్నెను మోస్తున్నట్టు రెండు చేతులా ఎత్తి పట్టుకుని నడిచాను. మా ఆయన బాలింతను భుజం కిందికి చేయి వేసి నడిపించాడు. వెనుక ఆపా భర్త ఒట్టి చేతులతో వచ్చాడు. సీజనుకని కొని పెట్టిన దూది బేళ్లన్నీ నీళ్లు తాగి, నలుగురు కదిలించినా కదలనంత బరువెక్కాయి. ఆయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

ట్రాక్టరు ట్రాలీ ఎక్కించి మమ్మల్ని మెయిన్ రోడ్డు మీద దింపారు. బడులన్నీ అప్పటికే నిండిపోయాయన్నారు. ఒక రిసార్టు వాళ్లు బస్సు పంపారు, తిండీ జాగా ఇస్తారు, ఎక్కండి అన్నారు. బస్సు మీద రాసిన పేరు చూసి మా ఆయన ఆగిపోయాడు.

"సూసినవా? మన క్లబ్బే!" అన్నాడు. నడుము దాకా తడిసి వణుకుతూ కూడా ఆయన ముఖం వెలిగింది. "ఆపదకు అక్కరకొచ్చింది గదనే."

రిసార్టుకు ముందు గేటు ఒకటి, వెనక గేటు ఒకటి. బస్సు వెనక గేటు నుంచి పోయింది. పెళ్లిళ్లు చేసే పెద్ద హాల్లో కార్పెట్ చుట్టేసి టార్పాలిన్లు పరిచారు. స్విమ్మింగ్ పూల్ వైపు పోకూడదనీ, లాన్ మీద బట్టలు ఆరేయకూడదనీ సెక్యూరిటీవాడు మైకులో చెప్పాడు. తిండికి మాత్రం లోటు లేదు. వేడి వేడి కిచిడీ పెట్టారు. వంట చేసినతను చందూర్ మనిషట, "కడుపు నిండ తినుండ్రి అవ్వా" అంటూ ముసలివాళ్లకు మళ్లీ మళ్లీ వడ్డించాడు. ఆ మనిషి మంచితనం గురించి చెప్పకపోతే అన్యాయం.

తిన్నాక ఒక్కొక్కరి ఫోన్ నంబర్లు కంప్యూటర్లో ఎక్కించుకున్నారు. మా ఆయన నంబరు చెప్పగానే కౌంటర్లో పిల్ల కళ్లు పెద్దవి చేసింది.

"అంకుల్, మీరు మా మెంబరా?"

"అవును బిడ్డా, మెంబర్నే" అన్నాడు ఆయన, చాలాకాలానికి ఎవరో గుర్తుపట్టినట్టు.

ఆ పిల్ల లోపలికి పోయి మేనేజర్ని తీసుకొచ్చింది. ముప్పయ్యేళ్లలోపు మనిషి, హైదరాబాద్ నుంచి వచ్చినవాడు. మమ్మల్ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి పింగాణీ కప్పుల్లో టీ ఇప్పించాడు. హాల్లో అందరికీ కాగితం కప్పుల్లో ఇస్తున్నారు.

"మీరు ఇలా వీళ్లతో పాటు రావడమేంటి మేడమ్? మీరు మా కుటుంబం. మీరు బాధితులు ఎలా అవుతారు?" అన్నాడు.

"మా ఇల్లు మునిగింది బాబూ" అన్నాను.

"అది సరే. నేననేది, సిస్టమ్‌లో మీరు దాతలుగా ఉన్నారు."

మాకు అర్థం కాలేదు. అతను ఓపికగానే వివరించాడు. నాలుగు రోజుల కిందట చుట్టుపక్కల ఊళ్లు మునిగినప్పుడు, వరద బాధితుల కోసం ఈ ఏడాది వారాన్ని దానం చేయమని క్లబ్బు సభ్యులందరికీ మెసేజ్ పంపిందట. ఇష్టం లేనివాళ్లు రెండు రోజుల్లో జవాబివ్వాలట. జవాబివ్వకపోతే ఒప్పుకున్నట్టే. మా ఆయన ఫోనుకు ఆ మెసేజ్ ఇంగ్లీషులో వచ్చింది. లోన్ ఇస్తామనే మెసేజ్‌ల మధ్య ఎక్కడో ఉంది.

"అంటే మా వారం మీరు వరదొచ్చినవాళ్లకు ఇచ్చిన్రు" అన్నాడు మా ఆయన మెల్లగా.

"మీరిచ్చారు సార్. మేము చేరవేశాం."

"మరి వరదొచ్చింది మాకే గద?"

మేనేజర్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ఏం చెప్పాలో తెలియనివాడి నవ్వు.

"అయితే ఇప్పుడు మేము ఆ హాల్లో పడుకునేది మా వారంలోనేనా?" అని నేనడిగాను.

"ఒక రకంగా అలా అనుకోవచ్చు మేడమ్."

కప్పులో టీ సగం వదిలేసి లేచాను. కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఎవరి ముందో, ఎందుకో తెలియని సిగ్గు.

హాల్లో ఏసీ ఆపేశారు గానీ నేల చల్లగా ఉంది. పసిపిల్ల ముక్కు కారుతూ, పాలు పట్టక ఏడుస్తోంది. ఆపా తన చున్నీ అంతా చుట్టబెట్టింది. మేము లోపలికి పోయి రావడం ఆమె చూసింది.

"టీచరమ్మా, గా సాబు మీకు తెలుసా? అన్న గిక్కడ మెంబరని గా పిల్ల అన్నది. జర అడుగుండ్రి. గిన్ని రూములు ఖాళీ ఉన్నయి. నా బిడ్డకు ఒక్క రూము ఇస్తే సాలు. మేం ఈడ్నే పంటం" అంది.

మళ్లీ పోయాను. "మా వారం దానం అయిపోయింది కదా. ఆ దానం ఆ బాలింతకు ఇవ్వండి. పసిపిల్లకు జలుబు చేసింది" అని అడిగాను.

"అలా కుదరదు మేడమ్. మీరు దానం చేసింది క్లబ్బుకు. ఎవరికి ఏమివ్వాలనేది మా నిర్ణయం. ఒకళ్లకు కాటేజీ ఇస్తే అందరూ అడుగుతారు."

అతని మాటలో న్యాయం ఉన్నట్టే వినిపించింది. అది ఇంకా చేదుగా ఉంది. ఉత్త చేతులతో తిరిగొచ్చి ఆపాకు చెప్పాను. ఆమె పిల్లను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది.

మర్నాడు పొద్దున మేనేజరే మా దగ్గరికి వచ్చాడు. పెద్దవాళ్లు వస్తున్నారు, పేపరువాళ్లు వస్తున్నారు, సభ్యుల తరఫున ఎవరైనా ఒక దాత వేదిక మీద ఉంటే బాగుంటుంది అన్నాడు. మిగతా సభ్యులంతా ఏ హైదరాబాద్‌లోనో బొంబాయిలోనో ఉన్నారు. చేతికందినవాళ్లం మేమే.

"కృతజ్ఞతగా ఈ రాత్రికి మీకు కాటేజీ ఇస్తాం సార్" అన్నాడు.

నేను వద్దనబోయాను. మా ఆయన నా చేయి నొక్కాడు. మేనేజర్ వెళ్లాక అన్నాడు, "రూము తీసుకుందమే. మన పేరు మీద తీసుకొని ఆ పిల్లను పండవెడుదాం. ఒక శాలువ కప్పుకుంటే నా సొమ్మేం పోతది?"

ఆ ఆలోచన నాకూ నచ్చింది. ఆపాకు చెబితే రెండు చేతులూ ఎత్తి మాకు దువా చేసింది.

వేదిక వెనక బ్యానరు కట్టారు. మా ఆయన ఒంటి మీద పాతబట్టల మూటలోంచి వచ్చిన చొక్కా ఉంది, భుజాలు జారిపోతూ. కాళ్లకు చెప్పులు లేవు, వరదలో పోయాయి. ఫోటోగ్రాఫర్ కింద నుంచి పై దాకా చూసి, "మోకాళ్ల కాడికే తీస్త, మీరు పరేషాన్ గాకుండ్రి" అన్నాడు. ఎవరో పెద్దమనిషి శాలువా కప్పాడు. ఇలాంటి మనసున్న సభ్యుల వల్లనే ఇది సాధ్యమైందని మేనేజర్ మైకులో చెప్పాడు. చప్పట్లు కొట్టారు. బెలూన్లు పగలగొట్టడమొకటే తక్కువ.

తర్వాత దాత చేతుల మీదుగా దుప్పట్లు పంచాలన్నారు. అది ముందుగా చెప్పలేదు. వరసలో మొదట నిలబెట్టింది ఆపా భర్తను. గడ్డం నెరిసిన మనిషి, ఫోటోకు బాగుంటాడనుకున్నారేమో. మా ఆయన దుప్పటి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. జీవితమంతా ఊరికి బొంతలు కుట్టిన మనిషి చేతిలో, బొంత కుట్టించుకున్న మనిషి ఆ పల్చటి దుప్పటి పెట్టాలి.

"ఇటు చూడండి సార్, నవ్వండి" అన్నారు.

ఆపా భర్త దుప్పటి తీసుకున్నాడు. అలవాటుకొద్దీ దాని అంచు రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. దిగిపోయాడు. ఆ తర్వాత ఆయన మా ఆయనతో నేరుగా మాట్లాడటం నేను వినలేదు. బస్తీవాళ్లు మమ్మల్ని చూసే చూపు కూడా ఆ క్షణం నుంచే మారింది. "గీ జాగ ఆళ్లదేనట. మనతోని కూసొని కిచిడీ తిన్నరు సూడు, ఎంత నాటకమో" అని ఒకామె నాకు వినబడేలాగే అంది.

సాయంత్రం కాటేజీ తాళం ఇచ్చారు. వెలుతురు ఉండగానే ఆపానూ బాలింతనూ పిల్లనూ మెల్లగా తీసుకుపోయి అందులో వదిలాం. మెత్తటి మంచం, వేడినీళ్లు. ఆ బాలింత మంచం మీద కూర్చుని చేత్తో దుప్పటి తడిమి, "అమ్మీ, ఎంత గరంగున్నదో సూడు" అంది. పసిపిల్ల రెండు రోజుల్లో మొదటిసారి కడుపు నిండా పాలు తాగి నిద్రపోయింది. నేనూ మా ఆయనా హాలుకు తిరిగొచ్చి టార్పాలిన్ మీద పడుకున్నాం. ఇన్నేళ్లకు వారం ఒక మంచిపనికి వచ్చిందనుకున్నాం. ఆ ఒక్క రాత్రి నాకు ఎవరి మీదా కోపం లేదు.

పొద్దున అరుపులకు లేచాం. ఆ రోజు ఎవరో విత్తనాల కంపెనీవాళ్ల డీలర్ల మీటింగ్ ఉందట. హాలూ కాటేజీలూ వాళ్లకు ముందే ఇచ్చేశారు. కాటేజీలు శుభ్రం చేయడానికి పోయినవాళ్లు మా గదిలో మేము కాకుండా వేరేవాళ్లు ఉండటం చూశారు. మేము పరుగెత్తి పోయేసరికి, ఆ బాలింత తల మీద కొంగు కూడా సరిగా లేకుండా పిల్లను పొదువుకుని కాటేజీ మెట్ల మీద నిలబడి ఉంది. సెక్యూరిటీవాడు "దొంగతనంగ దూరిన్రు, ఏమేం తీసిన్రో సూడుండ్రి" అని అరుస్తున్నాడు. ఆపా తన చేతిసంచి విప్పి, పిల్ల గుడ్డలు ఒక్కొక్కటీ దులిపి చూపిస్తోంది. హాల్లోంచి వచ్చినవాళ్లు చుట్టూ మూగారు. ఎవడో ఫోన్ ఎత్తి పట్టుకుని వీడియో తీస్తున్నాడు.

"రూము నాది! నేనే ఇచ్చిన!" అని మా ఆయన అడ్డం పోయాడు.

అప్పటికే మేనేజర్ వచ్చాడు. "రూము మీదే సార్, కాదనను. కానీ మెంబరూ, మెంబరు కుటుంబమూ తప్ప వేరేవాళ్లు ఉండకూడదు. అది రూలు. వీళ్లు మీకేమవుతారు?"

మా ఆయన ఒక్క క్షణం కూడా ఆగలేదు. "నా బిడ్డ" అన్నాడు.

మేనేజర్ ఆ బాలింతను చూశాడు, ఆపా బురఖాను చూశాడు, మా ఆయన మెడలో శిలువను చూశాడు. మళ్లీ అదే నవ్వు నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లలో కొందరు నవ్వారు.

ఆపా గుడ్డలు సంచిలో కుక్కుకుని లేచింది. "ఝూట్ ఎందుకన్నా?" అంది. "మేం మీకేం కాము. నడు బేటీ."

ఆమె మమ్మల్ని దాటుకుని పోయింది. నేను చేయి పట్టుకోబోతే విదిలించుకుంది. "మీ దానం మీరే ఉంచుకోండ్రి టీచరమ్మా. నా బిడ్డ ఇజ్జత్ పోయింది."

మధ్యాహ్నంలోపు హాలు ఖాళీ చేయించారు. అదే బస్సు, అదే వెనక గేటు. మేనేజర్ మమ్మల్నిద్దర్నీ ఉండమన్నాడు. మీటింగ్ వాళ్లకు ఇవ్వని గది ఒకటి ఉందనీ, ఎంతైనా మేము సభ్యులమనీ అన్నాడు. మా ఆయన తిన్నగా పోయి బస్సెక్కాడు, వెనకే నేనూ. ఆపా ముందు సీట్లో కూర్చుంది. దిగేదాకా వెనక్కి తిరగలేదు. బోధన్‌లో ఒక బడి గదిలో చోటు దొరికింది. వాళ్లు ఆ మూల, మేము ఈ మూల.

పిల్లకు జ్వరం ముదిరి నిజామాబాద్ పెద్దాసుపత్రిలో చేర్చారని తర్వాత విన్నాను. గండం గడిచింది, బతికింది. కానీ ఆ వీడియో నాందేడ్ చేరింది. చిల్లా తీరక ముందే తమ కోడలిని వీధిలో నిలబెట్టారని అల్లుడి తరఫువాళ్లు వచ్చి, అనరాని మాటలు అని తల్లినీ పిల్లనూ తీసుకుపోయారట. దూది మిషను తుప్పు పట్టింది. ఆపా వాళ్లు ఇల్లు ఖాళీ చేసి నిజామాబాద్‌లో చుట్టాల దగ్గరికి వెళ్లిపోయారు. సామాను ఎక్కించే రోజు నేను గుమ్మంలో నిలబడ్డాను. గోడకు అవతల చప్పుళ్లు విన్నాను గానీ పోయే ధైర్యం చాలలేదు.

మాకు మాత్రం పేరొచ్చింది. పేపర్లో మా ఆయన ఫోటో పడింది, మోకాళ్ల దాకా. ఆదివారం ఆరాధనలో మా పాస్టర్ గారు ఆ సంగతి ఎత్తి, తమ ఇల్లు మునిగినా ఇతరుల కోసం ఇచ్చిన కుటుంబమని మా కోసం ప్రార్థన చేశారు. నాకు చెవులు మూసుకోవాలనిపించింది. ప్రార్థన అయ్యీ అవకుండానే మా ఆయన లేచి నిలబడ్డాడు. చర్చిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి.

"అయ్యగారూ, మేం ఇచ్చింది ఏం లేదు. మమ్ముల అడగకుంటనే తీసుకున్నరు. నేను శాలువ కప్పుకున్నందుకు పక్కింటోళ్ల పరువు పోయింది. గిది దేవుని ముంగట అబద్ధం కావద్దని చెప్తున్న."

నాకు ఆయన్ని చూసి ఏడుపొచ్చింది. పాస్టర్ గారు మెచ్చుకోలుగా అన్నారు: "చూశారా సంఘమా, కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదనే వినయం!"

హల్లెలూయ అన్నారు అందరూ. మా ఆయన కూర్చుండిపోయాడు. ఆ తర్వాత ఆ విషయం ఎవరికీ చెప్పే ప్రయత్నం చేయలేదు.

సభ్యత్వం రద్దు చేయమని అడిగాం. మధ్యలో రద్దు కుదరదన్నారు. మెయింటెనెన్స్ కట్టడం మానేశాం. ఆడపిల్లలు తియ్యటి గొంతుతో ఫోన్ చేస్తారు, కొన్నాళ్లకు మగవాళ్లు కటువుగా చేస్తారు, మళ్లీ ఆడపిల్లలు. మా ఆయన ఫోన్ తీసి చెవికి దూరంగా పట్టుకుని వాళ్లు ముగించేదాకా వింటాడు. ఎదురు మాట్లాడడు. నాకే నోరూరుకోదు. "మా వారం తెచ్చి మా ఆపాకు ఇయ్యుండ్రి, అప్పుడు కడతం" అని ఒకసారి అరిచాను. అవతలి పిల్ల, "మేడమ్, ఆపా అంటే నామినీనా?" అని అడిగింది.

మొన్నామధ్య కంటి పరీక్షకని కంఠేశ్వర్‌లో ఒక క్లినిక్కుకు ఒక్కదాన్నే పోయాను. ఆటో దిగుతుంటే ఎదురుగా మందుల దుకాణం ముందు ఆపా. చిక్కిపోయింది, బురఖా లోపల సగం మనిషే ఉంది. నన్ను చూసి తప్పుకోలేదు.

"బాగున్నరా టీచరమ్మా? బస్తీల ఇండ్లు బాగైనయా?"

"బాగైనయి ఆపా. బిడ్డ ఎట్లుంది? పాప నడుస్తున్నదా?"

"నడుస్తున్నదట. నాందేడ్‌లనే ఉన్నరు. పంపిస్తలేరు."

"ఆపా, మేం గట్ల అయితదనుకోలే" అన్నాను.

"నాకెరికే" అంది. చాలా మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు అంది. "మీ తప్పు లేదని నాకెరికే. అన్న నా బిడ్డను తన బిడ్డ అన్నడు, గది గూడ మర్వలే. గని మిమ్ముల సూస్తే నాకు గా మెట్లే కండ్లల్ల మెదుల్తయి. ఏం జెయ్యాలె చెప్పుండ్రి?"

జవాబు కోసం ఆమె ఆగలేదు. మందుల సంచి బురఖా లోపలికి సర్దుకుని, నేను దిగిన ఆటోలోనే ఎక్కి కూర్చుంది. "ఖుదా హాఫిజ్" అంది. ఆటో మలుపు తిరిగింది.

క్లినిక్కులో కళ్లలో చుక్కలు వేసి, కాసేపు మూసుకుని కూర్చోమన్నారు. కూర్చున్నాను. నీళ్లు కారుతుంటే పక్కనున్నావిడ, మందు మంట పుట్టిస్తోందా అని అడిగింది. అవునన్నాను.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగాడు, "ఎవరన్న కలిసిన్రా?"

"ఎవరూ కలవలే" అని చెప్పి వంటింట్లోకి పోయాను.